చెమట పట్టని పిల్లకు ఒక టన్ను మిషను

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇది గొప్పగా చెప్పుకునే సంగతేం కాదు. మా ఇంటావిడ కాపురానికొచ్చిన కొత్తలోనే, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, మీకు మాత్రం ఏ ఊరూ మంచిదయ్యే యోగం లేదు" అని తేల్చేసింది. గుడివాడలో నా కొట్టుకొచ్చేవాళ్ళు ముందు గుమ్మంలో నిలబడి నా మొహం చూసేవారు. పరవాలేదనుకుంటేనే ఫ్యాను తెచ్చి బల్ల మీద పెట్టేవారు. పని బాగా చేస్తాడని పేరుండబట్టి భరించారు గానీ, లేకపోతే ఎప్పుడో ఊరు దాటించేవారు.

మాది పెదపారుపూడి దగ్గర పల్లెటూరు. మా నాన్న వారమంతా వరిచేలల్లో పని చేసి ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడు. మిషన్ వాళ్ళ బోర్డింగ్‌లో ఉండి ఎస్సెల్సీ దాకా చదివి, మద్రాసు వెళ్ళి, అక్కడ ఐసు ఫ్యాక్టరీల్లోనూ ఫ్రిజ్‌లు బాగుచేసే కంపెనీలోనూ ఐదేళ్ళు చాకిరీ చేసి వచ్చాను. అరవైల్లో మా వైపు చల్లబరిచే మిషను విప్పి మళ్ళీ బిగించగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే. ఏకుల బుట్టలో మేకులా నాకు ఆ గర్వం ఒకటి ఉండేది. విప్పడానికి మిషన్లు మాత్రం పెద్దగా ఉండేవి కావు. డాక్టర్ల ఇళ్ళల్లో నాలుగు ఫ్రిజ్‌లు, సినిమాహాలు ఓనరుగారి గదిలో ఒక ఏసీ, అంతే.

ఒక మాఘమాసంలో అనుకుంటాను, బందరు నుంచి ఒకాయన వచ్చాడు. మనిషి భారీగా ఉన్నాడు. గిలకలదిండి వైపు పడవలూ, వలలూ, ఎండు చేపల వ్యాపారమూ ఉన్నాయిట. వచ్చీ రాగానే "బావా" అని పిలిచాడు. నాకూ ఆయనకూ కులం కలవదు, మతం కలవదు, ఊరు కలవదు, అయినా బావే. చేతిలో ఆసుపత్రి చీటీ ఉంది.

"మా అమ్మాయికి చెమట పట్టదు బావా," అన్నాడు.

"అదృష్టవంతురాలు," అన్నాను, చేతిలోని మోటారు మీంచి తల ఎత్తకుండా.

ఆయన నవ్వలేదు. తల ఎత్తి చూద్దును కదా, అంత మనిషీ కళ్ళు తుడుచుకుంటున్నాడు. స్టూలు లాగి కూర్చోబెట్టాను. పిల్లకు ఆరేళ్ళు. పుట్టుకతోనే ఒంట్లో చెమట గ్రంథులు లేవని బందరు ఆసుపత్రిలో డాక్టరమ్మగారు చెప్పారుట. మనకు ఎండలో ఒళ్ళు కాలితే చెమట పట్టి చల్లబడుతుంది. ఆ పిల్లకు లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. జ్వరం లేకుండానే ఒళ్ళు నూట నాలుగు దాకా కాగి, కళ్ళు తేలేస్తుంది. ఇన్నేళ్ళూ వేసవుల్లో తడిగుడ్డలతో, ఐసు తొట్టెలతో ఎలాగో గట్టెక్కించారు. పోయిన రోహిణి కార్తెలో ఫిట్సు వచ్చింది. "ఒక గది చల్లగా ఉంచగలిగితే పిల్ల దక్కుతుంది, లేకపోతే ఈ రోహిణి దాటుతుందని నేను చెప్పలేను" అని డాక్టరమ్మగారు చీటీ రాసిచ్చి, నా పేరు చెప్పి పంపారు.

మర్నాడే బందరు వెళ్ళాను. డాబా ఇల్లు. మధ్య హాలు, కుడి పక్కన పిల్ల పడుకునే గది. పిల్ల తల్లి రెండో కాన్పుకు నాగాయలంకలో పుట్టింటికి వెళ్ళింది. ఇంట్లో పిల్లా, దాని మామ్మా ఉన్నారు. మామ్మంటే మా బావ తల్లి. డెబ్భై దగ్గర పడి, వంగిపోయి, కానీ చూపు మాత్రం సూదిలా ఉండేది. పిల్ల సన్నగా, పల్చటి రాగిరంగు జుట్టుతో, మామ్మ కొంగు పట్టుకుని నిలబడింది. నవ్వితే నోట్లో నాలుగే పళ్ళు, అవీ మేకుల్లా మొనదేలి ఉన్నాయి. చెమట లేనట్టే పళ్ళూ రాలేదు, అదంతా ఒకటే జబ్బు అని డాక్టరమ్మగారు చెప్పారని వాళ్ళ నాన్న అన్నాడు.

"ఈ మావయ్య నీకు చలి తెప్పిస్తాడంట," అంది మామ్మ.

"చలంటే ఎలా ఉంటది మామ్మా?" అనడిగింది పిల్ల. ఆ ప్రశ్నకు నేను తెచ్చుకున్న టేపు విప్పి గోడ కొలవడం మొదలుపెట్టాను, ఇంకేం చెయ్యాలో తోచక.

గదికి మిషను ఎంచడం అంటే జనం ఏదో అనుకుంటారు గానీ, కాళ్ళకు చెప్పులు కొనడం లాంటిదే. గది పొడవూ వెడల్పూ ఎత్తూ కొలవాలి. పడమటి ఎండ ఎంత పడుతుందో, పైన డాబా ఎంత కాగుతుందో, ఎన్ని కిటికీలో, ఎందరు మనుషులు మసులుతారో చూసుకోవాలి. పది బై పన్నెండు గది. పడమటి కిటికీ ఒకటి. దాన్ని ఇటుకలతో మూసేయమన్నాను. డాబా మీద తాటాకు పందిరి వేయించమన్నాను. అదంతా చేస్తే ఒక టన్ను మిషను సరిపోతుందని లెక్క కట్టాను.

"టన్నంటే ఏంటి అబ్బాయ్?" అంది మామ్మ.

"ఒక టన్ను ఐసు రోజంతా కరిగితే ఎంత చల్లదనమో అంత, మామ్మగారూ."

చేపల వాళ్ళకు ఐసు సంగతి నేను చెప్పాలా? ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "టన్ను ఐసుకు పడవెడు చేపలు గడ్డ కడతాయి. గుప్పెడు పిల్లని ఏం చేద్దామని నాయనా?"

కొడుకు సంగతి దానికి తలకిందులు. ఆయన రెండు టన్నులది కొందామన్నాడు. పడవైనా వలైనా ఒక సైజు పెద్దదే కొనడం ఆయనకు అలవాటు. "పెద్దది నష్టమా బావా? తొందరగా చల్లబడుతుంది కదా" అన్నాడు. తొందరగా చల్లబడి తొందరగా ఆగిపోతుంది బావా, అక్కడే ఉంది తంటా, అన్నాను. మిషను కాసేపు నిలిచి తిరిగితేనే గాలిలోని తేమని పిండుతుంది. అసలే మనది సముద్రపు గాలి. పెద్దది పెడితే గది చల్లగానూ ఉంటుంది, తడి గోనెలో కూర్చున్నట్టూ ఉంటుంది. ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నాడు. నేను మాత్రం మీసం మెలేసుకున్నాను. ఆ మీసమే తర్వాత నన్ను పొడిచింది.

మద్రాసు నుంచి చెక్కపెట్టెలో లారీ మీద మిషను వచ్చింది. సముద్రం వైపు గోడకు పెడితే ఉప్పుగాలికి రేకులు ఏడాదిలో తినేస్తాయని, ఉత్తరపు గోడకు, పెరడు వైపు కన్నం కొట్టించాను. పడవ మీద పనిచేసే ముగ్గురు మనుషులు "హైలెస్సా" అంటూ దాన్ని గోడలోకి ఎక్కించారు. లోపలి తేమంతా నీళ్ళై బయటికి పోవాలి కాబట్టి వెనక్కి అరంగుళం వాటం ఇచ్చాను. కింద ఒక చిన్న గొట్టం బిగించాను. మీటరు నుంచి విడిగా లావు తీగె లాగాను.

స్విచ్చి వేసి గంటసేపు ఎదురుచూశాం. పిల్ల మంచం మీద కూర్చుని మిషను వంకే చూస్తోంది. తర్వాత రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, "మామ్మా, ఇదేనా చలి?" అంది. మామ్మ దుప్పటి తెచ్చి మనవరాలికి కప్పింది. ఆరేళ్ళలో ఆ పిల్లకు దుప్పటి కప్పడం అదే మొదటిసారిట. ఆవిడ ఏడ్చింది, కొడుకూ ఏడ్చాడు, నేను స్క్రూడ్రైవరు కనపడ్డం లేదని కేకలేశాను. నాకు ఏడుపొస్తే కేకలేస్తాను.

వారానికే కబురొచ్చింది, గది చల్లబడ్డం లేదని. పరుగెత్తుకెళ్ళి చూస్తే ఏముంది, గదిలో పాతికమంది. పేటంతా చలవమిషను చూడ్డానికొచ్చి కూర్చుంది. ఒకావిడ పచ్చిచేపల గంప కూడా పక్కనే పెట్టుకుంది, చల్లగా ఉంటాయని. తలుపు బార్లా తెరిచి ఉంది. ఒక్కో మనిషీ ఒక్కో కుంపటి, నేను లెక్కేసింది ఇద్దరికి, పాతికమంది కుంపట్లు పెట్టుకుని కూర్చుంటే దేవుడు దిగొచ్చినా చల్లబడదు అని అందర్నీ లేపి తరిమాను. మామ్మ చిన్నబుచ్చుకుంది.

"ఇంటికొచ్చినోళ్ళ మొహాన తలుపెలా వేస్తాం అబ్బాయ్?"

"ఇలా వేస్తాం," అని దడాల్న వేసి చూపించాను. పిల్ల పగలబడి నవ్వింది. ఆ నవ్వు కోసం ఇంకో రెండుసార్లు వేశాను.

ఆ రోజే మామ్మకు మిషను చూసుకోవడం నేర్పాను. మిషను ముందువైపు ఉండే జల్లెడ తీసి వారానికోసారి కడగాలి. దుమ్ము పడితే గాలి ఆడదు. కడిగేది మాత్రం బావినీళ్ళతో కాదు. బందరు బావుల సంగతి తెలిసిందే కదా, నోట్లో పోసుకుంటే ఉప్పు. ఆ ఉప్పు రేకులకు తగిలితే మిషను ఆయుష్షు అయిపోతుంది.

"మంచినీళ్ళు తాగడానికే కావిడి వాడు బతిమాలించుకుంటున్నాడు నాయనా, ఇంక జల్లెడకేడ తెచ్చేది?" అంది.

"ఎక్కడికో ఎందుకు మామ్మగారూ," అని గొప్పగా పెరట్లోకి తీసుకెళ్ళి గొట్టంలోంచి బొట్టు బొట్టుగా కారుతున్న నీళ్ళు చూపించాను. "ఇవి గాలిలోంచి వచ్చిన నీళ్ళు. వాననీళ్ళతో సమానం. ఉప్పు చుక్క ఉండదు."

ఆవిడ చెయ్యి పట్టి, నాలుక మీద వేసుకుని చూసి, "అవును, తియ్యగా ఉన్నాయి" అంది. నేను చదువుకున్నవాడి మొహం పెట్టుకుని గుడివాడ రైలెక్కాను.

రోహిణి కార్తె వచ్చింది. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఏడు రోళ్ళే కాదు, మనుషులూ పగిలారు. గుడివాడలో రిక్షా వాళ్ళు పదింటికే బళ్ళు నీడకు లాగేసేవారు. కార్తెలో నాలుగో రోజో ఐదో రోజో, పొద్దున తొమ్మిది దాటాక కొట్టు తీస్తుంటే పడవల మనిషి ఒకడు రైలు దిగి పరుగున వచ్చాడు. తెల్లారేసరికి మిషను ఆగిపోయిందిట. ఫ్యూజు పోతే వేశారు, మళ్ళీ పోయింది. మళ్ళీ వేశారు, మళ్ళీ పోయింది. పిల్ల తండ్రి కాకినాడ వెళ్ళాడు, ఇంట్లో మామ్మా పిల్లా అంతే.

"పిల్ల ఎలా ఉందిరా?"

"నేను బయల్దేరేటప్పటికి మాట్లాడుతోందండీ," అన్నాడు.

కొట్టు మూసి, సంచీ భుజాన వేసుకుని బస్సెక్కాను. ఆ బస్సు ప్రయాణం ఇప్పటికీ మర్చిపోదామన్నా మర్చిపోలేను. కిటికీలోంచి వడగాలి చెంపల మీద కొడుతోంది. నా ఒళ్ళంతా చెమటలు కారుతున్నాయి. అదేదో దొంగసొత్తు అయినట్టు తుడుచుకుంటూ కూర్చున్నాను. పెద్దది కొందామని ఆ తండ్రి చెప్పాడు. వద్దని నేనే అన్నాను. చిన్న మిషను ఈ ఎండను మొయ్యలేక, ఆగకుండా తిరిగి తిరిగి, మిషనుకు గుండెలాంటి కంప్రెసరు కాలిపోయి ఉంటుంది. కంప్రెసరు పోతే మద్రాసు నుంచి రావాలి. వారం పడుతుంది. పిల్లకు వారం లేదు. మద్రాసులో నేర్చుకున్న లెక్కలతో మీసం మెలేసి ఒక పిల్లను చంపాను అనుకున్నాను. ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు. "ప్రభువా, కంప్రెసరు కాకుండా చూడు" అని ఒక్కటే మాట, కవుతారం నుంచి బందరు దాకా అనుకుంటూ వెళ్ళాను.

ఇంటికెళ్ళేసరికి పన్నెండు దాటింది. పిల్లను హాల్లో గచ్చు మీద తడి దుప్పటిలో చుట్టి పడుకోబెట్టారు. పక్కన తొట్టెలో ఐసు ముక్కలు సగం నీళ్ళయ్యాయి. డాక్టరమ్మగారు వచ్చి చూసి వెళ్ళారుట. ఆసుపత్రి వార్డు రేకుల కప్పు, అక్కడ ఇంతకన్నా మంట, కాబట్టి ఇక్కడే తడుపుతూ ఉండండి, సాయంత్రం లోపు గది చల్లబడితే సరి, లేకపోతే కష్టం అని చెప్పారుట. మామ్మ ఒక చేత్తో విసురుతూ ఒక చేత్తో దుప్పటి మీద నీళ్ళు చల్లుతోంది. పొద్దుట్నించీ ఆవిడ కూర్చున్న చోటు నుంచి లేవలేదు. పిల్ల కళ్ళు సగం మూసి ఉంది. నుదుటి మీద చెయ్యి వేశాను. కాలింది.

మిషనును గోడలోంచి బయటికి లాగించాను. కిందున్న పళ్ళెంలోంచి భళ్ళున నీళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి. అక్కడ అంతంత నీళ్ళు ఉండకూడదు. నీళ్ళు బయటికి పోయే దారి లేక పళ్ళెంలో నిండి, ఫ్యాను మోటారు కనెక్షన్లను అందుకున్నాయి. అందుకే ఫ్యూజు కొడుతోంది. పెరట్లోకి వెళ్ళి గొట్టం చూశాను. గొట్టం మూతికి ఎవరో పాత పంచెగుడ్డ మూడు మడతలు వేసి దారంతో గట్టిగా కట్టారు. దుమ్మూ పాకుడూ పట్టి ఆ గుడ్డ తోలుముక్కలా బిగుసుకుపోయింది. కింద మూతికి గుడ్డ వాసెన కట్టిన కుండ ఒకటి ఉంది.

కంప్రెసరు మీద చెయ్యి పెట్టాను. చల్లగా, క్షేమంగా ఉంది. నా లెక్క తప్పలేదు. పిల్లను నేను చంపలేదు. ఆ క్షణంలో నాకు మోకాళ్ళ మీద పడి స్తోత్రం చెప్పాలని ఉండాలి. కానీ బస్సులో రెండు గంటలు పడ్డ భయమంతా ఒక్కసారిగా కోపమై తన్నుకొచ్చింది. మనిషి బుద్ధి అంతే కాబోలు, నా బుద్ధి మాత్రం అంతే. గుడ్డ కోసి చేత్తో పట్టుకుని హాల్లోకి వచ్చాను.

"ఈ గుడ్డ ఎవరు కట్టారు?"

"నేనే నాయనా," అంది మామ్మ, విసరడం ఆపకుండా. "పప్పుకి నీళ్ళు పడుతున్నా. చీమలూ చెత్తా పడకుండా కట్టా."

"పప్పుకా?" అన్నాను. "వయసొచ్చింది గానీ బుద్ధి రాలేదు మీకు. ఇది మిషనా, మంచినీళ్ళ కుళాయా? నీళ్ళు పోయే దారి కట్టేస్తే ఎటు పోతాయి, మీ నెత్తికా? మీ నోటికి పప్పు మెత్తగా ఉడకడం కోసం ఈ పసిదాని ప్రాణం తీసేవారు. పప్పు లేకపోతే ముద్ద దిగదా?"

అన్నాను. ఒక్క అక్షరం తగ్గించి చెప్పడం లేదు. పడవల మనుషులు గుమ్మంలో తలలు వంచుకున్నారు. మామ్మ నా వంక ఒకసారి చూసింది. దుప్పటి మీద మళ్ళీ నీళ్ళు చల్లింది.

మోటారు విప్పి పెరట్లో గచ్చు మీద ఎండలో పెట్టాను. పిల్లను కాలుస్తున్న ఆ ఎండే మోటారును ఆరబెట్టాలి. ఇంకో దారి లేదు. గంటంబావు పట్టింది. గంటంబావూ అటు మోటారు తిప్పుతూ, ఇటు వచ్చి పిల్ల నుదురు చూస్తూ తిరిగాను. మధ్యలో ఒకసారి పిల్ల చెయ్యి గిలగిల కొట్టుకుంది. మామ్మ మిగిలిన ఐసంతా గుడ్డలో కట్టి మెడ కింద పెట్టింది, చెయ్యి ఆగింది. తీగెలు తుడిచి, కొత్త టేపు చుట్టి, బిగించి, మిషనును లోపలికి తోయించి స్విచ్చి వేసేసరికి రెండు దాటింది. ఫ్యూజు నిలబడింది. పిల్లను ఎత్తుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టి, అందర్నీ బయటికి పంపి తలుపేశాను.

నాలుగింటికి పిల్ల కళ్ళు తెరిచింది. ఒళ్ళు నులివెచ్చగా ఉంది. డాక్టరమ్మగారికి కబురు పంపాను. పిల్ల "ఆకలి" అంది. ఆ మాట విని మామ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెలో అన్నం, పప్పు తెచ్చి, వేళ్ళతో మెత్తగా మెదిపి పెట్టడం మొదలుపెట్టింది. పప్పు వెన్నలా ఉంది. పలుకన్నది లేదు. పిల్ల నమలకుండానే మింగుతోంది. నాలుగు ముద్దలు తిన్నాక నా వైపు తిరిగింది.

"మావయ్యా, మామ్మని తిట్టకు. ఆ పప్పు నాకే. బావినీళ్ళతో అయితే పలుకులుంటది. నాకు పళ్ళు లేవుగా."

ఆ గదిలో చల్లగా ఉంది. నాకు మాత్రం చెమటలు పట్టాయి. ఉప్పునీళ్ళలో కందిపప్పు ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా రాయిలాగే ఉంటుందని మా వైపు ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. ఆ నీళ్ళల్లో ఉప్పు చుక్క ఉండదని చెప్పింది నేనే. ఆవిడ నాలుక మీద వేసుకుని చూస్తుంటే పక్కనే గొప్పగా నిలబడ్డాను కూడా. పళ్ళు లేని పిల్లకు ముద్ద దిగే దారి కనపడితే ఆ ముసలావిడ ఊరుకుంటుందా? చీమ పడకుండా గుడ్డ కట్టింది, అంత జాగ్రత్త మనిషి. గొట్టానికి గుడ్డ కట్టకూడదని నేను ఒక్క మాట చెప్పిన పాపాన పోలేదు. సాయంత్రం నాకు అన్నం పెట్టారు. మామ్మ తన కంచంలో ఎండుచేపల పులుసు వేసుకుంది. పప్పు గిన్నె వైపు ఆవిడ చెయ్యే వెళ్ళలేదు.

క్షమించమని అడగాలని నోటి దాకా వచ్చింది. తిట్టడానికి గుక్క తిప్పుకోకుండా వచ్చే మాటలు, దీనికి ఒక్కటీ రాలేదు. సంచీ సర్దుకుని, చెప్పులేసుకుని, "వస్తాను మామ్మగారూ" అని నేల చూస్తూ బయటపడ్డాను.

ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నాకు పెళ్ళైన తర్వాత అదే మొదలు. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు మంచి తగరపు రేకు తెచ్చి, కొట్లో కూర్చుని, వెడల్పు మూతి గరాటు ఒకటి చేశాను. పైన సన్నటి ఇత్తడి జాలీ అతికాను. గొట్టానికీ గరాటుకీ మధ్య నాలుగంగుళాలు ఖాళీ ఉండేలా కొక్కెం పెట్టాను. చెత్త జాలీ మీద ఆగుతుంది, గొట్టం మూసుకుపోదు, నీళ్ళు కుండలో పడతాయి. నా చేతులతో చేసిన వస్తువుల్లో అంత జాగ్రత్తగా చేసింది ఇంకోటి లేదు.

చేశాను గానీ తీసుకెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. రోహిణి వెళ్ళింది. పిల్ల బాగుందని కాకినాడ నుంచి తిరిగొచ్చిన బావ కార్డు రాశాడు. మృగశిర ప్రవేశించిన రోజున రైలెక్కాను. బందరు స్టేషన్లో దిగేసరికే వాన మొదలైంది. మృగశిర రోజు చేప తినాలని చేపలవాళ్ళ పేటంతా పులుసు వాసన. నేను గొడుగు మరిచి వెళ్ళాను. తడిసి ముద్దై గుమ్మంలో నిలబడ్డాను.

మామ్మ తువ్వాలిచ్చింది. తల తుడుచుకోకుండానే పెరట్లోకి వెళ్ళి గరాటు బిగించాను. ఆవిడ పక్కన నిలబడి చూస్తోంది. గొట్టంలోంచి ఒక బొట్టు, జాలీలోంచి దిగి, కుండలో పడింది. ఇంక చెయ్యడానికి పని లేదు. ఆవిడ వైపు తిరిగాను.

"మామ్మగారూ, ఆ రోజు నోరు జారాను. తప్పు నాది. నీళ్ళు మంచివని చెప్పిందీ నేనే, గుడ్డ కట్టొద్దని చెప్పనిదీ నేనే. క్షమించండి."

ఆవిడ అరుగు మీద కూర్చుంది, నన్నూ కూర్చోమంది.

"నువ్వన్న మాట మర్చిపోయానని అబద్ధం చెప్పను నాయనా. గుచ్చుకుంది. ఆ పూటంతా గుచ్చుకుంది. కానీ ఒకటి చెప్తా విను. ఇది పుట్టినకాడి నుంచీ అందరూ నాకు చెప్పేది ఒకటే మాట. దీని రాత ఇంతే అన్నారు. ఏ జన్మలోనో నేను చేసిన పాపం అన్నారు. మా గుడికాడోళ్ళూ అన్నారు, మీ ప్రార్థనలోళ్ళూ అన్నారు. రాతంటే నేనేం చేసేది? కూర్చుని విసురుకోవడమేగా? ఆరేళ్ళలో నువ్వొక్కడివే వచ్చి, రాత కాదు, ఇదిగో ఈ గుడ్డ అన్నావు. గుడ్డయితే విప్పేస్తాగా."

నాకు దుఃఖం ఆగలేదు. ఈసారి స్క్రూడ్రైవరు వెతకలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాణ్ణి సముదాయించినట్టు, చేప పులుసు చల్లారిపోతోంది లే అంది.

లేస్తూ చూశాను. పెరటి గేటు దగ్గర పిల్ల గౌను తడిసి ఒంటికి అంటుకుపోయి, రెండు చేతులూ చాపి వాన పట్టుకుంటోంది.

"లోపలికి పిలవండి మామ్మగారూ, జలుబు చేస్తుంది," అన్నాను.

"చెయ్యనీ నాయనా," అంది. "అందరి పిల్లలకీ చేస్తుందిగా."